గుండు సీదా కూసోవాలె

దోహాలో కరక్ చాయ్ కప్పుల మీద మూతలు సరిగ్గా కూర్చోవు. ఈ విషయమై ఫిర్యాదు చెయ్యాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఎవరికి చెయ్యాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. మూత ఒక పక్క టక్కుమని పట్టుకుంటుంది. రెండో పక్క పట్టుకున్నట్టు నటిస్తుంది. కారు మొదటి మలుపు తిరిగేదాకా ఆ నటన సాగుతుంది. తరవాత చాయ్ చొక్కా మీద, చొక్కా లాండ్రీలో. ఇసకలో ఇన్ని మేడలు లేపిన ఊళ్ళో ఒక కాగితం కప్పుకి మూత కూర్చోబెట్టలేకపోవడం నాకు చిన్న సంగతిగా కనిపించదు. మా ఆవిడకి కనిపిస్తుంది.

మొన్న అల్ ముంతజాలో మా బిల్డింగు ఎదుటి చాయ్ కొట్టు దగ్గర, కారులో కూర్చుని అలాంటి మూతతోనే కుస్తీ పడుతున్నాను. కంపెనీ వాట్సాప్ గ్రూపులో మెసేజీ వచ్చింది. చిచ్చా పోయాడు. జగిత్యాలలో, తన ఇంట్లో, నిద్రలో. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఒకాయన పొరపాటున పుట్టినరోజు కేకు పెట్టి, వెంటనే తీసేశాడు. చిచ్చా చూసి ఉంటే ఆ కేకు పెట్టినవాణ్ణి క్షమించేవాడు, తీసేసినందుకు తిట్టేవాడు. చేసిన పనికి నిలబడాలన్నది ఆయన మతం.

చిచ్చా అంటే మా కంపెనీ హైదరాబాదీల ఉర్దూలో చిన్నాన్న. మాది తెనాలి. మా వంశంలో ఎవరూ ఎవర్నీ చిచ్చా అని పిలిచిన దాఖలా లేదు. అయినా అందరితో పాటు నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను ‘ఆంధ్రా’ అని పిలిచేవాడు. నాకో పేరుందని ఒకసారి గుర్తు చేశాను. “ఉంటది. అందరికి ఉంటది,” అన్నాడు.

కంపెనీ లెక్కల్లో ఆయన స్టోర్‌కీపర్. స్టోరు ముఐథర్‌లో ఉంది. ఆయన అక్కడ ఉండేవాడు కాదు. అల్ రయ్యాన్‌లో మా యజమాని ఇంటి ప్రహరీలో, కార్ల షెడ్డు వెనక, ఏసీ ఉన్న ఒక చిన్న గదిలో ఉండేవాడు. యజమానిని మేమంతా అర్బాబ్ అంటాం. డెబ్బై దాటిన ఖతరీ పెద్దాయన. ఆ వయసు వాళ్ళకి ఉండే డేగలూ, ఒంటెలూ, పడవలూ ఏవీ లేవు. ఉన్న సరదా ఒక్కటే, పిస్తోలు. శుక్రవారం సాయంత్రాలు స్నేహితులతో రేంజికి వెళ్ళి కాగితం మీది గుండ్రాలని కాలుస్తాడు. దానికి లైసెన్సుంది. గదికి తాళముంది, ఆ తాళం పక్కన ఇంకో తాళముంది.

కొన్న తూటాలు ఆయనకి నచ్చవు. హోటల్లో మచ్‌బూస్ దొరుకుతోంది కదా అని ఇంట్లో పొయ్యి ఆర్పేస్తామా అంటాడు. అందుకని రేంజిలో పేలిపోయిన తూటాల ఇత్తడి గుల్లలన్నీ ఏరి తెచ్చి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ మందు పోసి, కొత్త గుండు బిగించే పని ఇంట్లోనే జరిగేది. చేసేది చిచ్చా.

నేను కంపెనీలో పైపుల క్వాలిటీ ఇంజనీర్ని. ఆ గదిలో కొలతల పరికరం ఒకటి తప్పుడు అంకెలు చూపిస్తోందని అర్బాబ్ కబురు పెడితే మొదటిసారి వెళ్ళాను. పరికరం పది నిమిషాల్లో బాగైంది. నేను మాత్రం వారంవారం వెళుతూనే ఉన్నాను, చాయ్ బావుండేది. ఆ మొదటి రోజే మా ఆవిడ ఫోన్ చేసి ఏం చేస్తున్నావంది. “చిచ్చా మందు పోస్తున్నాడు, చూస్తున్నాను,” అన్నాను. తెలుగు గొప్ప భాష. కానీ వైద్యానికీ, వ్యసనానికీ, తుపాకీకీ ఒకే మాట సరిపెట్టిన వాళ్ళు సంసారుల గురించి ఆలోచించి ఉండరు.

ఆయన బీఎస్సీ. అది ఆయనే చెప్పేవాడు, మనం అడక్కపోయినా. ఒక్క పేపరు మిగిలిందని కూడా చెప్పేవాడు, అయితే అది యూనివర్సిటీ తప్పు. వినయం ఆయన గదికి ఒకసారి వచ్చి, కూర్చోవడానికి రెండో కుర్చీ లేక తిరిగి వెళ్ళిపోయిందని నా అనుమానం. తప్పులు కూడా అంతే ధీమాగా చెప్పేవాడు. తెనాలి రాయలసీమలో ఉందనేవాడు. నేను ఫోన్లో మ్యాపు తీసి చూపిస్తే అటూ ఇటూ లాగి చూసి, “మ్యాపు పాతది,” అని తిరిగిచ్చేశాడు. అప్పట్నుంచీ నన్ను ఎవరికి పరిచయం చేసినా రాయలసీమ వాడననే చేశాడు. నేనూ కాదనడం మానేశాను. ఆయన పక్కన ఉంటే కొన్నాళ్ళకి భూగోళం కూడా సర్దుకుంటుంది.

గుండు విషయంలో మాత్రం ఆయన మాటకి తిరుగు లేదు. పని చూడటానికి తేలిక. ఇత్తడి గుల్ల మూతి కొద్దిగా విచ్చుకుని ఉంటుంది. దాని మీద గుండుని వేళ్ళతో నిలబెట్టి, ప్రెస్ పిడి కిందికి లాగితే గుండు లోపలికి దిగుతుంది. చిక్కంతా నిలబెట్టడంలో ఉంది. మొదట వంకరగా నిలబడ్డ గుండు లోపలికీ వంకరగానే దిగుతుంది. ప్రెస్ బలం వంకర తియ్యదు, దాన్నే గట్టిపరుస్తుంది. అందుకని చిచ్చా ఒక్క ఊపున లాగేవాడు కాదు. సగం దాకా దించి ఆపేవాడు. పిడి ఎత్తి, తూటాని అరచుట్టు తిప్పి, మళ్ళీ దించేవాడు. తయారైన ప్రతి తూటానీ ఒక అద్దం పలక మీద దొర్లించేవాడు. సరిగ్గా కూర్చున్న గుండు ముక్కు కదలకుండా దొర్లిపోతుంది. వంకరగా కూర్చున్నది తల ఊపుకుంటూ పోతుంది.

“సూడు సూడు, మీ ఆంధ్రా లీడర్ లెక్క. అన్నిటికి తల ఊపుతడు, ఎటు పోతడో వానికే తెల్వది.”

“మీ లీడర్లు ఊపరా చిచ్చా?”

“మావోళ్ళకు తలకాయలే లేవు, ఏం ఊపుతరు?”

తల ఊపినదాన్ని వెంటనే ఊడదీసేవాడు. “గుండు సీదా కూసోవాలె. సీదా కూసుంటే సీదా పోతది. కూసునేటప్పుడే వంకర కూసుంటే, పోయేటప్పుడు నువ్వు అల్లాను పిలిచినా ఇనదు, మీ ఎంకన్నను పిలిచినా ఇనదు.” ఇది రోజూ ఉండేది. కొంతకాలానికి ఆ సూత్రం గుండ్లని దాటి మనుషుల మీదికి వచ్చింది. నేను గోడకి జారబడితే, “నడుము!” అనేవాడు. మా ఇంటికి భోజనానికి వస్తే సోఫాలో చేరగిలబడేవాడు కాదు, అంచున నిటారుగా, రైలు కోసం చూస్తున్నవాడిలా కూర్చునేవాడు. సోఫా అమ్మినవాడు ఆయన్ని చూసి ఉంటే బాధపడేవాడు.

ఇంత చెప్పే మనిషికి ఎడమ చెయ్యి వణికేది. గుండు నిలబెట్టే చెయ్యి అదే. వణుకు కథల్లోలాగా పని దగ్గర మాయమయ్యేది కాదు, పని దగ్గర ఇంకా ఎక్కువయ్యేది. ఆయన మణికట్టుని బల్ల అంచుకి ఆనించి, సిగ్నల్ దగ్గర ఆగిన డ్రైవరులా ఎదురుచూసేవాడు. వణుకు ఒక్క క్షణం తెరిపి ఇవ్వగానే గుండు పెట్టేసేవాడు. ఇవ్వకపోతే, ఆగమని ఆ చేతికే చెప్పేవాడు. “ఠైర్ రా. ఠైర్. ఇంకెంత సేపు?” తరవాత నావైపు తిరిగి, “వీడు నా బామ్మర్ది. చెప్పిన మాట ఇనడు, ఇంట్లకెల్లి పోడు,” అనేవాడు. ఆ సమయానికి ఆయన భార్య ఫోన్లో స్పీకరు మీద ఉంటే, అవతలి నుంచి “మా తమ్మున్నెందుకు అంటున్నరు?” అని వినిపించేది.

ఆవిడ రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక జగిత్యాల నుంచి ఫోన్ చేసేది. ఫోన్ బల్ల మీద పెట్టి ఆయన పని చేసుకుంటూ ఊఁ కొట్టేవాడు. ఒక్కచోట మాత్రం ఊఁ కొట్టేవాడు కాదు.

“దుబాయ్‌ల ఎండలెట్లున్నయ్?”

“ఖతర్!”

“అదే, దుబాయ్‌ల ఖతర్.”

ఆయన పిడి వదిలేసి, దుబాయ్ వేరే దేశమనీ, దానికీ దీనికీ మధ్య సముద్రముందనీ మొదట్నుంచీ చెప్పేవాడు. ఆవిడ అంతా విని, “సరె, మా అక్క కొడుకు దుబాయ్‌ల ఉన్నడు గద, కలుస్తుండా?” అనేది. ఆయన సొంత తమ్ముడు ఊళ్ళో కొత్త ఇల్లు కట్టి దానికి ‘దుబాయ్ మంజిల్’ అని పేరు పెడితే, సెలవుకి వెళ్ళిన చిచ్చా ఆ గుమ్మం తొక్కలేదు. వీధిలో కుర్చీ వేయించుకుని, అక్కడే బిర్యానీ తిని వచ్చాడు. నిటారుగా కూర్చునే తిన్నాడని వేరే చెప్పక్కర్లేదు.

అర్బాబ్ మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, చిచ్చాకి ఒక చిత్రమైన ఇబ్బంది ఉండేది. అక్కడ చెంబు లాంటి దల్లాలోంచి చిన్న చిన్న కప్పుల్లో గహ్వా అనే అరబ్బు కాఫీ పోస్తారు. కప్పు ఖాళీ అవగానే మళ్ళీ పోస్తారు. ఇక చాలు అనిపిస్తే నోటితో చెప్పనక్కర్లేదు. కప్పుని అటూ ఇటూ ఊపితే చాలు, పోసేవాడు దాటి వెళ్ళిపోతాడు. చిచ్చా కప్పు పట్టుకున్న క్షణం నుంచీ ఊగుతూనే ఉండేది. అందువల్ల ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆయనకి రెండో కప్పు గహ్వా దక్కలేదు. కుడిచేత్తో పట్టుకోవచ్చు కదా అంటే, పట్టుకునేది కుడిచేత్తోనే, ఎడమది కింద ఆసరా పెడతాడు, ఆ ఆసరాయే ఊపుతుంది. ఆసరా తియ్యవచ్చు కదా అంటే, “పెద్దోళ్ళ ముందల ఒంటి చేత్తోని తీసుకుంటరా? ఎక్కడ పెరిగినవు నువ్వు? రాయలసీమల గట్లనే తీసుకుంటరా?” అన్నాడు.

అర్బాబ్‌కి పిల్లలు లేరు. కంపెనీ చూసేది మేనల్లుడు. బయటి దేశంలో చదువుకుని వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, ‘ప్లీజ్’ అనకుండా ఎవర్నీ ఉద్యోగంలోంచి తియ్యడు. అతను చిచ్చా పనికోసం ఒక ఆటోమేటిక్ మిషన్ తెప్పించాడు. పిడి లాగితే అన్ని పనులూ అదే చేస్తుంది. మిషన్ వచ్చిందంటే తరవాత ఏం వస్తుందో అందరికీ తెలుసు. చిచ్చాకి అరవై దాటాయి, చెయ్యి వణుకుతోంది, ఐడీ గడువు దగ్గర పడుతోంది. ఇక్కడ ఐడీ రెన్యూ కాకపోతే మనిషి ఉండడానికి లేదు. మేనల్లుడు సంతకం పెట్టకపోతే చిచ్చా పెట్టె సర్దుకోవాల్సిందే.

“పోతే పోయింది చిచ్చా, ఇంటికెళ్ళి హాయిగా ఉండొచ్చు కదా,” అన్నాను ఒకరోజు.

“ఇంటికాడ నేనెవడు? దుబాయోడు. ఈడ ఈ బల్ల కాడ కూసున్నోణ్ణి. పోవాలంటే నేనే పోత, ఆంధ్రా. ఒకడు పంపిస్తే పోను.”

అప్పుడొచ్చింది ఆ శుక్రవారం. మేనల్లుడి స్నేహితులు రేంజికి వస్తున్నారు, అర్బాబ్‌తో సరదా పోటీ. మేనల్లుడు తెల్లటి తోబ్ చేతులు పైకి మడిచి, ఉదయమంతా కొత్త మిషన్ మీద తనే స్వయంగా తూటాలు చేశాడు. ఉత్సాహంగా చేశాడు. నేను చాయ్ కోసం వెళ్ళేసరికి ప్లాస్టిక్ పెట్టె నిండిపోయింది. చిచ్చా అందులోంచి ఒకటి తీసి అద్దం మీద దొర్లించాడు. తల ఊపింది. ఇంకోటి. అదీ ఊపింది. అలా వరసగా దొర్లిస్తూ పోయాడు. కొన్ని నిదానంగానే పోయాయి, చాలా మటుకు ఊగాయి.

“సీదా లేవు,” అన్నాడు చిచ్చా, హిందీలో.

“గుడ్ ఎనఫ్,” అన్నాడు మేనల్లుడు. “యల్లా, పెట్టె కార్లో పెట్టించండి, ప్లీజ్.”

చిచ్చా పెట్టె మూత వేశాడు. గొళ్ళెం పెట్టాడు. దాని మీద కూర్చున్నాడు.

మేనల్లుడికి మొదట అర్థం కాలేదు. పెద్దాయన అలిసిపోయాడనుకున్నట్టున్నాడు. ఆ తరవాత, “లేవండి,” అన్నాడు. చిచ్చా లేవలేదు. నడుము నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద. ఎడమ చెయ్యి మోకాలి మీద దరువు వేస్తోంది. “ప్లీజ్,” అన్నాడు మేనల్లుడు, ఈసారి మర్యాద లేకుండా.

చిచ్చా నావైపు తిరిగి తెలుగులో అన్నాడు. “చెప్పు ఈయనకు. వంకర గుండు పిస్తోల్ల అటకాయిస్తది. కండ్లు మంచిగున్నోనికైతే ఏం గాదు. కానీ మేనమామకు కండ్లు సక్కగ కనవడవు. అటకాయిస్తే ఏం జేస్తడు? మూతి తనదిక్కు తిప్పుకుని లోపలికి జూస్తడు. ఒకపారి జూసిండు. నేనే చెయ్యి పట్టుకున్న. నువ్వు చెప్పు.”

నేను ఇంగ్లీషులో చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషులో అది పైపుల రిపోర్టులా వచ్చింది. మేనల్లుడు గడియారం చూసుకున్నాడు. బయట కార్ల హారన్లు మొదలయ్యాయి. చివరికి అతను పెట్టె లేకుండానే వెళ్ళిపోయాడు. ఆ రోజు వాళ్ళు రేంజిలో తూటాలు కొనుక్కుని కాల్చారు. అర్బాబ్‌కి పరాయి తూటాలతో గురి కుదర్లేదట. స్నేహితులు నవ్వారట. మేనల్లుడికి ఆ నవ్వు గుర్తుండిపోయింది.

రెండు రోజుల తరవాత ముఐథర్ ఆఫీసులో పంచాయితీ. మేనల్లుడు, అతని సెక్రటరీ, చిచ్చా. గుండ్లు వంకరో కాదో చెప్పడానికి నేను. సెక్రటరీది లక్నో. చీమ కాలికి తగిలినా క్షమాపణ చెప్పి, చీమని కుర్చీలో కూర్చోబెట్టేంత మర్యాద. మేనల్లుడు అరబిక్‌లో చెప్పాడు, సెక్రటరీ దాన్ని ఉర్దూలో పూలమాలలా గుచ్చాడు. సారాంశం ఏమిటంటే, పెద్దవారు, ఆవేశపడ్డారు, ఫరవాలేదు. ఒక్కసారి మాఫీ అడిగితే, అంటే క్షమాపణ చెబితే, ఐడీ రెన్యూవల్ మీద ఇప్పుడే సంతకం పెడతారు. అడక్కపోతే లేదు.

ఇంతలో మేనల్లుడి ఫోన్ మోగింది. అతను అటు తిరిగి మాట్లాడుతున్నాడు. చిచ్చా లేచి నిలబడ్డాడు. టోపీ సరిచేసుకున్నాడు.

“మాఫీ మాఫీ,” అన్నాడు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

ఫోన్ పెట్టేసి మేనల్లుడు, ఏమన్నాడని అడిగాడు. సెక్రటరీ కళ్ళు చెమ్మగిల్లాయి. “మాఫీ అడిగారు సర్. ఒకసారి కాదు, రెండుసార్లు.”

“రెండుసార్లా?” అన్నాడు మేనల్లుడు. మంచివాడే, కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. “ఒకటి చాలేది.” సంతకం పెట్టేశాడు.

ఇక్కడ కాస్త వ్యాకరణం చెప్పాలి. మన దగ్గర మాఫీ అంటే క్షమించడం. రుణమాఫీ పుణ్యమా అని తెలుగువాళ్ళకి అది విడిగా నేర్పక్కర్లేదు. ఈ దేశంలో మాత్రం మాఫీ అంటే లేదు. పాలున్నాయా అంటే మాఫీ. పార్కింగుందా, మాఫీ. జీతమొచ్చిందా, ఫులూస్ మాఫీ. చిచ్చా మొదటి మాఫీని ఇక్కడి భాషలో అన్నాడు, రెండోదాన్ని ఇంటి భాషలో. క్షమాపణ లేదు అన్నాడు. లక్నో సెక్రటరీ చెవికి రెండూ ఇంటి భాషే. ఆ గదిలో ఆ వాక్యం పూర్తిగా అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ నాకు జీతమిచ్చేది పైపుల నాణ్యత చూడటానికి, అనువాదాల నాణ్యత చూడటానికి కాదు. బయటికొచ్చి మంచి చాయ్ తాగాను.

కొత్త ఐడీ కార్డు వచ్చింది. దాన్ని తెచ్చిచ్చిన ఆఫీసు మనిషి, “మంచి పని చేశావు చిచ్చా, మాఫీ అడిగేశావు, గొడవ ఖలాస్,” అని భుజం తట్టాడట. ఆ మధ్యాహ్నమే చిచ్చా మా ఫ్లాట్‌కి వచ్చాడు. కూర్చోలేదు. మా ఆవిడ మంచినీళ్ళిస్తే తాగలేదు.

“నేను మాఫీ అడిగిన్నట!”

“తెలుసు చిచ్చా.”

“నీకు తెల్సా? నేనేమన్ననో నీకు తెల్సా?”

“మాఫీ మాఫీ అన్నారు.”

“అంటే?”

“అంటే, మాఫీ లేదని.”

“మరి?”

“మరేముంది, కార్డు వచ్చింది కదా. ఆ సెక్రటరీ చెవిలో అల్లాయే దూరాడనుకోండి. జేబులో పెట్టుకుని ఊరుకోండి.”

ఆయన నన్ను తల ఊపే తూటాని చూసినట్టు చూశాడు. “నువ్వు మంచోడివే. కానీ నీ నడుము మంచిది గాదు. కారు తియ్యి.”

దారంతా చెప్పి చూశాను. అల్ రయ్యాన్ రోడ్డు మీద ట్రాఫిక్కు కూడా నావైపే ఉంది, కదలనివ్వలేదు. మేనల్లుడు మిషన్ని బాగు చేయించాడని కూడా చెప్పాను. టెక్నీషియన్ వచ్చి చిన్న భాగమేదో మార్చాడు, ఇప్పుడు తూటాలు చక్కగా వస్తున్నాయి, నేనే దొర్లించి చూశాను.

“సీదా వస్తున్నయా?”

“సీదాగానే వస్తున్నాయి.”

“మంచిగైంది,” అన్నాడు, నిజంగానే సంతోషంగా. కాసేపాగి, “ఆ రోజు వంకర ఉండెనా, లేదా?” అన్నాడు.

“ఉండె,” అన్నాను. ఆయన భాష నాకు అప్పుడప్పుడు అంటుకునేది.

“మరి గంతే. సిగ్నల్ పడ్డది, పో.”

మజ్లిస్‌లో నలుగురు పెద్దలున్నారు, అర్బాబ్, పక్కన మేనల్లుడు. చిచ్చా సలాం చెప్పి, కార్డు తీసి అర్బాబ్ ముందు తివాచీ మీద పెట్టాడు. వచ్చిన అరబిక్‌లో చెప్పాడు. నేను మాఫీ అడగలేదు. నేనన్నది మా ఫీ, మీ మాట. దాని తరవాత మాఫీ, మా మాట. వినడంలో తేడా వచ్చింది. ఈ కార్డు నేను అడగని మాఫీకి ఇచ్చింది. నాది కాదు.

గదిలో ఒకాయన ఆ మాటల ఆట అర్థమై నవ్వాడు. అర్బాబ్ నవ్వలేదు. మేనల్లుడి మొహం ఎర్రబడింది. అయినా అతను మర్యాద తప్పలేదు. “సరే, ఇప్పుడు అడగండి. ఒక్క మాట. కార్డు మీదే.”

“ఆ రోజు గుండ్లు సీదా ఉన్నాయా?” అన్నాడు చిచ్చా.

“మిషన్ బాగైంది.”

“ఆ రోజు?”

మేనల్లుడు తోబ్ చేతులు సరిచేసుకున్నాడు. అర్బాబ్ అతనివైపు చూశాడు. అప్పటికి ఆ పెట్టె కథ ఆయనకి ఎవరూ చెప్పలేదని నాకు అప్పుడే తెలిసింది.

గహ్వా వచ్చింది. చిచ్చా కుడిచేత్తో తీసుకున్నాడు, ఎడమది కింద ఆసరా పెట్టాడు, తాగాడు. కప్పు ఊగుతోంది. పోసేవాడు అలవాటుగా దాటి వెళ్ళబోయాడు.

“పొయ్యి,” అన్నాడు అర్బాబ్. “అతను చాలనలేదు. అది అతని చెయ్యి.”

పోశాడు. చిచ్చా తాగాడు. మళ్ళీ పోశాడు. ఎన్ని కప్పులు తాగాడో నేను లెక్కపెట్టలేదు కానీ ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టే తాగాడు. చివరికి ఆయన కప్పు కింద పెట్టి బోర్లించాడు.

అర్బాబ్ కార్డు తీసి చూశాడు, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని. “ఆ గది నాది,” అన్నాడు. “ఈ కార్డు కంపెనీది. కంపెనీని నేను వాడికి ఇచ్చేశాను. ఇచ్చింది వెనక్కి తీసుకోను.” కార్డుని మేనల్లుడి చేతిలో పెట్టాడు. అతను దాన్ని చిచ్చాకే తిరిగిస్తాడని అందులో ఎంత ఆశ ఉందో నాకు తెలియదు. మేనల్లుడు దాన్ని కాసేపు పట్టుకుని, జేబులో వేసుకున్నాడు.

వాపసు వస్తుంటే చిచ్చా హుషారుగా ఉన్నాడు. “సూసినవా? నేనే పోతున్న. ఎవడు పంపలే,” అన్నాడు. సాంకేతికంగా చూస్తే పంపించారు. ఆ సాంకేతికతని నేను నా దగ్గరే ఉంచుకున్నాను.

విమానాశ్రయంలో కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చున్నాడు. తమ్ముడు ఫోన్ చేసి దుబాయ్ నుంచి ఎన్నింటికి బయల్దేరుతున్నావని అడిగినట్టున్నాడు, “ఖతర్!” అన్న కేకకి పక్క వరసలో పిల్లవాడు లేచి ఏడ్చాడు. నాకు చెయ్యి ఇచ్చాడు, ఎడమ చెయ్యి. “బామ్మర్దిని తీస్కపోతున్న,” అన్నాడు. అదే చివరిసారి చూడటం.

మెసేజీ చూసిన మర్నాడు జగిత్యాలకి ఫోన్ చేశాను. ఆయన ఫోన్లో బ్యాలెన్స్ లేనప్పుడల్లా నా ఫోన్ నుంచి చేసేవాడు కనక ఆవిడ నెంబరు నా దగ్గరుంది. ఆవిడ గొంతు ఎప్పట్లాగే ఉంది. నేనెవరో చెప్పగానే, “రాయలసీమ సారా?” అంది. అవునన్నాను.

పరామర్శ నాకు చేతకాదు. అందుకని ఈ కథ చెప్పాను, పెట్టె మీద కూర్చోవడం నుంచి గహ్వా దాకా. ఆవిడకి ఇదేమీ తెలియదు. గది మూసేశారు, వచ్చేశాను అని మాత్రమే చెప్పాడట. నేను బాగానే చెప్పాననుకుంటాను. మాఫీ మాఫీ దగ్గర ఆపి, నవ్వడానికి కొంచెం సమయం కూడా ఇచ్చాను. నవ్వు రాలేదు. కథ అయ్యాక, అంత పెద్దవాళ్ళ ముందు ఆయన తల వంచలేదమ్మా, కార్డు పోయినా ఆ ఒక్క మాట నోట్లోంచి రానివ్వలేదు, అలాంటి మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు, అన్నాను.

వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

“పెద్దపిల్ల కాన్పుకు రాలే,” అంది. “నా ఆపరేషన్‌కు రాలే. ఈద్‌కు వస్తనని, మేకపోతును గూడ కొనిపిచ్చి, రాలే. వాళ్ళకు చెప్పకపోతే పాయె, బిడ్డా. ఆ మాట నాకు గూడ ఎన్నడు చెప్పలే.”